పొలం ఒకరిది, బోదె ఊరిది

మా ఊళ్ళో ప్లాట్లకు కొరత లేదు. ఇళ్ళకు ఉంది. మొన్న ఏప్రిల్ గ్రామసభలో ఈ రెండింటినీ ఒకటే అనుకుని పొద్దు వాలేదాకా వాదించుకున్నాం. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటలు వదలలేదు. నేను సభలో చెప్పింది కొంత, చెప్పే వీలు దొరకనిది చాలా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి వైపు ఊరు. పేరు రాయడం లేదు. సభలో మాట్లాడినవాళ్ళందరూ నాకు రోజూ ఎదురుపడేవాళ్ళు. పైగా ఈ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఇదే గొడవ. రోడ్డును ఆనుకుని ఉన్న పద్నాలుగు ఎకరాల మాగాణిని కలిపి వెంచర్ వేస్తున్నారు. యజమానులు ఏడుగురు. ముగ్గురు ఊళ్ళో ఉంటారు, మిగతావాళ్ళు హైదరాబాదులో, బెంగళూరులో, ఒకరు అమెరికాలో. అగ్రిమెంట్లు అయిపోయాయి, బయానాలు ముట్టాయి. లేఅవుట్ అనుమతి ఇంకా రాలేదు గానీ టిప్పర్లు మాత్రం వచ్చాయి. సంక్రాంతి దాటగానే మట్టి పోసి నేలను మెరక చేయడం మొదలుపెట్టారు. ఆ పొలాల మధ్య నుంచి శివారు చేలకు నీళ్ళు తీసుకుపోయే చిన్న కాలువ, అంటే పంట బోదె మీద మట్టి పడింది.

గ్రామసభ ఎజెండాలో ఈ ఊసే లేదు. ఉపాధి హామీ పనులు, పన్ను బకాయిలు, వీధి దీపాలు ఉన్నాయి. కార్యదర్శి మొదటి అంశం చదవబోతుంటే వెనక నుంచి ఎవరో లేచి, “బోదె సంగతి ముందు చెప్పండి, దీపాలు తర్వాత చూద్దాం” అన్నారు. ఇక ఆ రోజు సభంతా బోదె చుట్టూనే తిరిగింది.

నా సంగతి ముందే చెప్పాలి. మా నాన్న ఇచ్చిపోయిన రెండెకరాలు ఆ బోదె చివరనే ఉన్నాయి. మా తమ్ముడు సాగు చేస్తున్నాడు. కాబట్టి నాది తటస్థమైన మాట కాదు.

పొలం అమ్మినవారిలో ఊళ్ళో ఉండే ఒక పెద్దాయన నాకు వరసకు పెదనాన్న అవుతారు. అందరూ ఆయన వైపే చూస్తుంటే నెమ్మదిగా లేచి నిలబడ్డారు. “నలభై ఏళ్ళు దున్నాను. ధాన్యం ధర ప్రభుత్వం చెప్పింది, ఎరువు ధర కంపెనీ చెప్పింది, కూలి ధర కూలివాళ్ళు చెప్పారు. ఏనాడూ నా ధర నేను చెప్పుకోలేదు. ఇన్నాళ్ళకు ఒక్క పొలం ధర నేను చెబితే ఇచ్చేవాడు వచ్చాడు. దానికీ ఊరంతా కూర్చుని తీర్పు చెబుతుందా? నా కొడుకులు తిరిగొచ్చి దున్నుతారా? మీలో ఎవరి కొడుకు దున్నుతున్నాడో చెప్పండి” అన్నారు. ఎవరూ చెప్పలేదు.

ఆ మాటలో తీసివేయడానికి ఒక్క అక్షరం లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆయన వరి కోతకోసి పనల మీద ఉంది. గింజ నీళ్ళలో మొలకెత్తింది. రంగు మారిన ధాన్యాన్ని అడిగిన ధరకు ఇచ్చుకున్నారు. డెబ్బై దాటిన మనిషి ఇంకో తుపానుకు సిద్ధంగా ఉండాలని ఆయనకు చెప్పే అర్హత ఎవరికీ లేదు. వ్యవసాయం మీద ప్రేమతో నష్టపోతూ ఉండమని రైతుకు చెప్పేవాళ్ళంతా నెల జీతం మీద బతికేవాళ్ళే. నేనూ జీతం మీద బతికేదాన్నే గనక ఆ మాట అననుగాక అనను. పొలం ఆయనది. అమ్ముకునే హక్కు ఆయనది.

అయితే పెదనాన్న అమ్మింది తన పొలాన్ని. పొలంతో పాటు బోదెను అమ్మలేదు. అమ్మే వీలూ లేదు, అది ఆయనది కాదు. నా వాదనంతా ఇక్కడే ఉంది.

డెల్టా భూమి సంగతి మెట్టలో పుట్టి పెరిగినవాళ్ళకు కొంత వివరంగా చెప్పాలి. బోరు ఉన్న రైతు మోటారు వేసుకుంటే నీళ్ళొస్తాయి, పక్కవాడితో పని లేదు. ఇక్కడ నీళ్ళు బ్యారేజీ దగ్గర బయలుదేరి, ప్రధాన కాలువ, బ్రాంచి కాలువ, పిల్ల కాలువ, తూము దాటి బోదెలోకి వస్తాయి. బోదె నుంచి ఒక మడిలోకి, ఆ మడి నుంచి ఇంకో మడిలోకి పారతాయి. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఇదే పద్ధతి. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా ఇదే. కృష్ణా తూర్పు, పశ్చిమ డెల్టాలు రెండూ కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు ఇలా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని పండుతున్నాయి. పై చేలో నీళ్ళు వదిలితేనే కింది చేను తడుస్తుంది. కింద మురుగు సాఫీగా పారితేనే పై చేను కుళ్ళకుండా ఉంటుంది. కాలువలు వదిలిన రోజుల్లో వంతుల కోసం అర్ధరాత్రి గట్ల మీద కాపలా కాసిన కుటుంబాలు మావి. కాలువ కాపలా చూసే లస్కరు షట్టరు ఒక మర ఎత్తాడా రెండు మరలు ఎత్తాడా అన్నది మా ఊళ్ళో వార్త.

ఇలాంటి చోట మధ్యలో పద్నాలుగు ఎకరాలను నడుము లోతు మెరక చేస్తే ఏమవుతుంది? మొదట, బోదె మూసుకుపోయి శివారు ఆయకట్టుకు నీళ్ళు రావు. అందులో మా రెండెకరాలతో పాటు దాదాపు నలభై కమతాలు ఉన్నాయి. అన్నీ చిన్నవే. తర్వాత, నిరుడు దాకా ఆ పద్నాలుగు ఎకరాల మీద పడి నిదానంగా ఇంకుతూ మురుగు కాలువలోకి పోయిన వాన నీరు ఇప్పుడు మెరక మీద నుంచి జారి పల్లానికి వస్తుంది. పల్లంలో ఉన్నది ఎస్సీ కాలనీ. ఆ కాలనీ కుర్రవాడు ఒకడు సభలో లేచి, “మా వీధి మీ వెంచర్ రోడ్డు కంటే ఎంత కిందకు పోతుందో కొలిచి చెప్పండి. మేము ఇళ్ళలో మంచాలు ఎంత ఎత్తు వేసుకోవాలో తెలుస్తుంది” అని అడిగాడు. అంత సూటిగా ఆ రోజు ఎవరూ అడగలేదు. జవాబు చెప్పవలసినవాళ్ళు ఆ సభకే రాలేదు.

వెంచర్ వాళ్ళ తరఫున తిరిగే మా ఊరి అబ్బాయి మాత్రం వచ్చాడు. మంచి పిల్లవాడు. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ప్లాట్లు చూపించే పనిలో చేరాడు. “బోదె మీద సిమెంటు గొట్టాలు వేస్తామన్నారు అక్కా, నీళ్ళు ఆగవు” అన్నాడు. గొట్టాల సంగతి మా రైతులకు తెలుసు. ఏటా కాలువ వదిలే ముందు బోదె పూడిక తీయాలి, తూటికాడ కోయాలి, గుర్రపు డెక్క లాగాలి. ఆయకట్టు రైతులు తలా ఒక మనిషిని పెట్టి ఆ పని చేసుకుంటారు. గొట్టం భూమిలోకి పోయాక, దాని మీద రోడ్డు, చుట్టూ ప్రహరీ వచ్చాక లోపలికి దిగి పూడిక తీసేది ఎవరు? ప్లాట్లన్నీ అమ్ముడుపోయిన మరుసటి రోజు నుంచి వెంచర్ యజమాని ఉండడు. ప్లాటు కొన్నవాడు హైదరాబాదులో ఉంటాడు, తన ప్లాటు కింద బోదె పోతున్నదని కూడా అతనికి తెలియదు. గొట్టం పూడితే మేము ఎవరి తలుపు తట్టాలి?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మా ఊరికి ఇది మొదటి వెంచర్ కాదు. 2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని విజయవాడ, గుంటూరుల మధ్యకు వస్తుందని ఖాయమైనప్పుడు ఈ ప్రాంతంలో ఎకరం ధర ఎలా ఎగిరిందో అందరికీ తెలుసు. తుళ్ళూరు వైపు ప్రభుత్వం భూ సమీకరణ పేరుతో 30 వేల ఎకరాలకు పైగా తీసుకుంటుంటే, మిగతా చోట్ల జెండాలు పాతినవాడల్లా వెంచర్ యజమాని అయ్యాడు. అప్పుడు మా ఊరి తూర్పున ఎనిమిదెకరాల మాగాణి ప్లాట్లయింది. రంగురంగుల బ్రోషర్లు, ముఖద్వారం, దాని మీద రెండు ఏనుగు బొమ్మలు. ప్లాట్లన్నీ రిజిస్ట్రేషన్ అయ్యాయి. ఈ రోజుకు అక్కడ కట్టిన ఇళ్ళు మూడు. మిగతాదంతా సర్కారు తుమ్మ. హద్దురాళ్ళు మట్టిలో కూరుకుపోయాయి. కొన్నవాళ్ళలో కొందరు చనిపోయారు, వారి పిల్లలకు ప్లాటు నంబరు తప్ప ప్లాటు తెలియదు. పక్క చేలోకి పందులు, ఎలుకలు, పాములు వచ్చేది అక్కడి నుంచే. ఆ నేలలో ఇక వరి వేయలేం, ఎవరూ ఇల్లూ కట్టరు.

ఆ రోజు కూడా ‘ఊళ్ళోకి కొత్త కుటుంబాలు వస్తాయి, బడి నిండుతుంది, బస్సు వస్తుంది’ అన్నారు. మూడు కుటుంబాలతో బస్సు రాలేదు.

అయినా ఊరు పెరగాలన్న కోరికను నేను కొట్టిపారేయను. సభలో ఒక చెల్లెలు మాట్లాడింది. అద్దె ఇంట్లో, ఒకే గదిలో, అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో ఉంటున్న మనిషి. “వెంచర్ వద్దని మీరంటున్నారు, మీకు ఇళ్ళున్నాయి గనక. మాకు సెంటు చోటు లేదు” అంది. నిజమే. ఇక్కడ నేను ఆమె పక్షమే. అందుకే ఆమెనే అడిగాను, “వీళ్ళు వేసే ప్లాట్లలో అతి చిన్నది ఎంతో కనుక్కున్నావా అమ్మా?” అని. ఆమె కనుక్కుంది. అతి చిన్నది 150 గజాలు, ధర ఆమె కుటుంబం పదేళ్ళు తినకుండా కూడబెట్టినా అందనిది. ఆ ప్లాట్లు ఆమె కోసం వేస్తున్నవి కావని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా ‘ఇళ్ళ స్థలాలు’ అన్న మాట వినగానే ఆశ లేస్తుంది. ఆ ఆశను అడ్డం పెట్టుకుని వాదించేవాళ్ళ మీదే నా కోపం.

ప్రభుత్వం ఇచ్చిన స్థలాల సంగతీ చూశాం. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలు పంచడం మొదలైనప్పుడు పల్లెల్లో కుటుంబానికి సెంటున్నర అన్నారు. సెంటు అంటే 48.4 గజాలు, సెంటున్నర 72 గజాలు చిల్లర. మా ఊరివాళ్ళకు చూపించిన చోటు ఊరికి దూరంగా, పల్లంలో ఉంది. ఇల్లు లేనివాడికి పల్లంలో 72 గజాలు, ఇల్లు అక్కరలేనివాడికి రోడ్డు పక్కన మెరక మీద 200 గజాలు. ఒకే ఊరి నేలను మనం ఇలా పంచుతున్నాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి నలభై శాతం పోయిందనుకున్నా ఎకరానికి 2,900 గజాలు అమ్మకానికి మిగులుతాయి. పద్నాలుగు ఎకరాల్లో 200 గజాల ప్లాట్లు రెండు వందలు. మా ఊళ్ళో సొంత ఇల్లు లేక నిజంగా ఇబ్బంది పడుతున్న కుటుంబాలకు, ఒక్కొక్కరికి మూడు సెంట్ల చొప్పున ఇచ్చినా రెండు మూడు ఎకరాలు చాలు. అంతకు నాలుగైదు రెట్ల నేల ఎవరి ఇంటి కోసం పోతున్నట్టు? ఆ నేల మీద ఎకరానికి ముప్ఫై బస్తాల లెక్కన ఏటా 420 బస్తాల ధాన్యం పండుతుంది, ఆ తర్వాత అదే తడి మీద మినుము వస్తుంది. పంట లేని వేసవిలో కూడా ఆ నేల వాన నీటిని పీల్చి ఊరిని కాస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో జరిగింది మా ఊళ్ళో అందరూ చూశారు. బుడమేరుకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో మునిగాయి. మా బంధువులు మిద్దె మీద కూర్చుని పాల ప్యాకెట్ కోసం పడవ వైపు చేతులు ఊపారు. ఒకప్పుడు వరద వస్తే చేల మీద పరుచుకుని పోయేది, ఇప్పుడు ఆ చేలన్నీ ఇళ్ళు. బుడమేరు పెద్ద ఏరు, మా బోదె చిన్నది. కానీ కారణం ఒకటే. నీరు పోయే దారిని మొదట కాగితం మీద మరిచిపోతారు, తర్వాత నేల మీద మూసేస్తారు.

ఇప్పుడు ఆ సభలో అందరికంటే తక్కువ మాట్లాడిన మనిషి గురించి చెప్పాలి. ఆ పద్నాలుగు ఎకరాల్లో ఐదెకరాలు కౌలుకు చేస్తున్న రైతు. భూమి అమ్ముడైనట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. మినుము పూత మీద ఉండగా టిప్పరు గట్టెక్కింది. యజమానికి ఫోను చేస్తే, “నీకు చెప్పలేదా తమ్ముడూ, వాళ్ళే చెబుతారనుకున్నాను” అన్నారట. పంటకు ఎంతో కొంత ఇచ్చారు. ఎంత ఇచ్చారో అతను సభలో చెప్పలేదు, చెప్పడానికి ఇష్టపడలేదు.

2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండోదాని ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులకు భయం. అందువల్ల డెల్టాలో సాగు చేసేవారిలో చాలామందికి తాము సాగుదారులమని చూపడానికి కాగితం ముక్క లేదు. కాగితం లేనివాడు గ్రామసభలో ఏ హోదాలో మాట్లాడాలి? అతను ఓటరు గనక మాట్లాడవచ్చు, అది హక్కే. కానీ భూమి ఉన్నవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాట్లు వేసే ఆడవాళ్ళయితే లోపలికే రాలేదు, పంచాయతీ అరుగు దగ్గర ఆగిపోయారు. వారిలో ఒకామె కిటికీలోంచి, “మా పని సంగతి ఎవరైనా అడుగుతారా?” అని కేక వేసింది. ఎవరూ అడగలేదు. నాట్లు, కలుపు, మినుము పీకడం పోతే మిరప కోతలకు ఆటోల్లో దూరపు ఊళ్ళకు పోవాలి. ఇప్పటికే సగం మంది పోతున్నారు.

“ఇది మన పరిధిలోది కాదు” అని కార్యదర్శి చాలాసార్లు అన్నారు. ఆయన తప్పు పట్టవలసిన మనిషి కాదు, ఉన్న నిబంధన చెప్పారు. సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చే నాలా చట్టం 2006లో వచ్చింది. దాని కింద దరఖాస్తు ఆర్డీఓకు పోయేది, రుసుము కట్టేవారు, ఉత్తర్వు వచ్చేది. గ్రామసభను అడగాలన్న మాట అందులో లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టాన్నే రద్దు చేయడానికి పూనుకుంది. అనుమతుల జాప్యం తగ్గించడానికని చెప్పారు. జాప్యం తగ్గడం మంచిదే. కానీ ఆ పాత దారిలో మా మాట వినే చోటు ఎక్కడా లేదు, దాన్ని తీసేసినంత మాత్రాన కొత్తగా ఏర్పడలేదు.

సాగు నేల యజమాని ఒక్కడిదే కాదన్న ఆలోచన దేశం చట్టాల్లో లేకపోలేదు. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షను చదవండి. నీటి వసతి ఉండి ఒకటి కంటే ఎక్కువ పంటలు పండే భూమిని తప్పనిసరి పరిస్థితుల్లో, చివరి మార్గంగా తప్ప సేకరించకూడదని అందులో ఉంది. తీసుకుంటే దానికి సమానమైన బంజరును సాగులోకి తేవాలని కూడా ఉంది. అంటే ఇలాంటి నేల యజమాని ఒక్కడి వ్యవహారం కాదని, తిండి గింజల వ్యవహారమని పార్లమెంటే ఒప్పుకుంది. కానీ ఆ కట్టడి ప్రభుత్వం సేకరించినప్పుడే వర్తిస్తుంది. ప్రైవేటు వెంచర్ కొంటే అదే నేలకు ఆ విలువ లేదు. గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం భూమి అన్యాక్రాంతం కాకుండా అడ్డుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. గిరిజనుల భూములకు జరిగిన అన్యాయం వేరు, మా సమస్య వేరు, రెండింటినీ కలపను. కానీ గ్రామసభకు భూమి మీద మాట చెల్లడమన్నది ఈ దేశంలో కొత్త సంగతి కాదు.

కేరళ 2008లో వరి పొలాలు, తడి నేలల పరిరక్షణ చట్టం చేసింది. పంచాయతీ స్థాయిలో ఒక కమిటీ. అందులో పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయ అధికారి, గ్రామ అధికారి, ముగ్గురు రైతు ప్రతినిధులు ఉంటారు. సొంత ఇల్లు లేని రైతు తన పొలంలో ఇల్లు కట్టుకోవాలంటే పల్లెలో పది సెంట్ల వరకు పూడ్చుకోవచ్చు. పొలం ఉన్నవాడికి ఇల్లు వద్దని ఆ చట్టం అనలేదు, వ్యాపారానికి పూడ్చవద్దంది. 2018లో దానిని సడలించారు, రుసుము కట్టి మార్చుకునే దారులు తెరిచారు, ఇప్పుడు అక్కడా గొడవలు ఉన్నాయి. అయినా ‘ఇల్లు వేరు, వెంచర్ వేరు’ అని చట్టంలో గీత గీయవచ్చని కేరళ చూపించింది. మన దగ్గర ఆ గీత గీయాలన్న ఆలోచనే ఇంకా రాలేదు.

నన్ను ఎదిరించినవాళ్ళలో పంచాయతీ వార్డు సభ్యుడు ఒకరు గట్టి మాట అన్నారు. “ఆదాయం ఎక్కడి నుంచి తెస్తాం అమ్మా? లేఅవుట్ వస్తే రుసుములు వస్తాయి, రిజిస్ట్రేషన్ల మీద వాటా వస్తుంది. వీధి దీపానికి బల్బు వేయడానికి కూడా పైనుంచి నిధుల కోసం ఎదురుచూస్తున్నాం” అన్నారు. ఇది నిజమైన కష్టం. మన పంచాయతీలకు సొంత రాబడి ఎంత తక్కువో ఆ సభ్యుడికి తెలిసినంతగా నాకు తెలియకపోవచ్చు. కానీ లేఅవుట్ వేసినవాళ్ళు రోడ్లను, పార్కు స్థలాన్ని పంచాయతీకి రాసిచ్చాక వాటి మరమ్మతు ఎవరిది? తూర్పు వెంచర్ రోడ్లకు, అక్కడి దీపాలకు, కాలువలకు పన్ను కట్టే ఇళ్ళు మూడే. ఒకసారి వచ్చే రుసుము కోసం ఎప్పటికీ పోయే ఖర్చును నెత్తిన పెట్టుకున్నాం. ఆ లెక్క పంచాయతీ పుస్తకాల్లోనే ఉంటుంది, తీసి చూడమని అడిగాను.

నేను అడిగేది వెంచర్లు ఆపమని కాదు. క్రమం మార్చమని. ఇప్పుడు మొదట అగ్రిమెంటు, తర్వాత మట్టి, ఆ తర్వాత అనుమతి, చిట్టచివర ఊళ్ళో గొడవ. అప్పటికి పెదనాన్న బయానా తీసుకుని మనవరాలి ఫీజు కట్టేశారు. ఆయనను వెనక్కి తగ్గమనడం ఆయనకు అన్యాయం, ముందుకు పోనివ్వడం శివారుకు అన్యాయం. ఊరివాళ్ళం ఒకరి మీద ఒకరం కోపం తెచ్చుకుని విడిపోవడానికి కారణం ఈ క్రమమే. నేల మీద మట్టి పడకముందే, లేఅవుట్ పటం గీసే దశలోనే, బోదెలు, మురుగు కాలువలు, డొంకలు గుర్తించిన పటాన్ని గ్రామసభ ముందు పెట్టాలి. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టుకున్నాం, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. ఆ సంఘం రాతపూర్వకంగా సరేనన్నాకే మెరక మొదలుకావాలి. బోదె గొట్టంలో పోతుందో బహిరంగంగా పోతుందో, పూడిక ఎవరు తీస్తారో, దానికి ఎంత డబ్బు డిపాజిట్ చేస్తారో అందులో ఉండాలి. కౌలు రైతు పంట మీద ఉంటే కోత అయ్యేదాకా ఆగాలి. ఇల్లు లేని ఊరివాళ్ళకు అదే వెంచర్‌లో, అదే మెరక మీద, కొంత నేల విడిగా చూపాలి. రాసిచ్చే స్థలంలో పార్కు బొమ్మల కంటే అది ఊరికి ఎక్కువ అవసరం. చివరి మాటకు సభలో నవ్వినవాళ్ళు ఉన్నారు. అద్దె ఇంటి చెల్లెలు నవ్వలేదు, “రాయండి అక్కా, అది కూడా రాయండి” అంది.

ఇవన్నీ పెట్టుకుంటే ధర తగ్గుతుందని పెదనాన్న భయం. కొంచెం తగ్గవచ్చు. ఆ సంగతి ఆయన మొహం మీదే ఒప్పుకున్నాను. ఇప్పుడు వస్తున్న ధరలో కొంత భాగం మా బోదెను, కాలనీవాళ్ళ వీధిని ఖర్చు రాయకుండా లెక్క వేసిన ధర. ఆ భాగం ఆయనకు రావలసింది కాదు, కొనేవాడికి మిగలవలసిందీ కాదు. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా తమ్ముడిని పిలిచి, బోదె అసలు వెడల్పు ఎంత ఉండేదో, తన చిన్నప్పుడు ఏ గట్టు ఎక్కడ ఉండేదో నడిచి చూపించారు. పాత కొలతలు తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకో ఇద్దరు ముగ్గురే మిగిలారు.

సభ చివర తీర్మానం రాయమని పట్టుబడితే, చర్చ జరిగిందని రాశారు. మళ్ళీ పట్టుబడితే, బోదె సర్వే చేయించాలని ఇంకో వాక్యం చేర్చారు. అది చాలదని మర్నాడు శివారు రైతులం, కాలనీవాళ్ళం కలిసి అర్జీ రాశాం. జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసుకు ఒకటి, తహసీల్దారుకు ఒకటి, లేఅవుట్ అనుమతి ఇచ్చే కార్యాలయానికి ఒకటి. కాలువలు జూన్, జూలైల్లో వదులుతారు. ఆలోగా సర్వేయరు వచ్చి రికార్డు ప్రకారం బోదెకు, మురుగు కాలువకు హద్దులు పాతాలని, పడిన మట్టి తీయించాలని, కాలనీ వీధికి, వెంచర్ రోడ్డుకు మట్టాలు కొలిచి కాగితం మీద ఇవ్వాలని అడిగాం. పెదనాన్న చెప్పిన కొలతలు వెనక పేజీలో పటం గీసి జతచేశాం, కింద ఆయన వేలిముద్ర కాదు, సంతకమే పెట్టారు. కౌలు రైతు పేరు కూడా ‘సాగుదారుడు’ అనే రాశాం. ఇంకా సంతకాలు చేయనివాళ్ళ కోసం ఒక ప్రతి నీటి సంఘం అధ్యక్షుడి ఇంట్లో ఉంచాం.